నన్ను తోసేసిన నూకరత్నం

నేను ఒక ఇంకు ప్యాడ్‌ను. మా ఇంట్లో పెత్తనమంతా మా అన్నది. అన్నంటే రబ్బరు స్టాంపు. ఒళ్లంతా నా సిరా పూసుకుని కాగితం మీద ఠపీమని పడతాడు. పేరేమో తనకి, మరకేమో నాకు. పడ్డచోట రాసింది నిజమేనా అని ఒక్కనాడూ వెనక్కి తిరిగి చూసిన పాపాన పోలేదు.

రేకు డబ్బా, అందులో మందపాటి గుడ్డ, దానికి ఊదారంగు సిరా. నా పుట్టుక ఇంతే. కొన్నేళ్లు రేషను ఆఫీసులో బొటనవేళ్లను పలకరించి, తర్వాత ప్రభుత్వ మానసిక వైద్యశాలకు చేరాను. ఇప్పుడు ఎండిపోయి అక్కడే సొరుగులో ఉన్నాను గనక తీరిగ్గా చెప్తున్నాను. మనుషులు చిత్రమైనవాళ్లు. ఎదుటివాళ్ల చీర కాస్త మాసి ఉంటే చాలు, సంతకం వచ్చా అని అడక్కుండానే వేలిముద్రకి నా మూత తీస్తారు.

నూకరత్నం బస్టాండులో అరుస్తూ తిరుగుతుంటే పోలీసులు తెచ్చి చేర్చారు. మందులు పడ్డాయి. రెండు నెలల్లో తిండి, నిద్ర, మాట అన్నీ కుదురుకున్నాయి. నన్ను చూస్తే మాత్రం విసిరి కొట్టేది. "సిరా చూస్తే ఉద్రేకం, ఇంకా తగ్గలేదు" అని డాక్టరు విశ్వపతిగారు మూడుసార్లు రాశారు. మూడుసార్లూ మా అన్న పడ్డాడు. ఆమెను ఇంటికి పంపాలా, ఇంకో మూడు నెలలు ఉంచాలా అన్నది ఇక జడ్జిగారు పెద్దగా ఉండే సమీక్షా బోర్డు తేల్చాలి. తీసుకెళ్లడానికి వచ్చిన చెల్లెలు గేటు దగ్గర కూర్చునుంది.

లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లకు సర్కారు ఇచ్చే లాయరు సుభాషిణి. విచారణ రోజు పొద్దున్నే వకాల్తా కాగితంతో వచ్చి, ఆవిడా నా మూతే తీసింది. నూకరత్నం తోసిన తోపుకి వెళ్లి ఆవిడ తెల్లచీర మీద పడ్డాను. సుభాషిణి చీర వంక చూడలేదంటే అబద్ధం. చూసింది. ఆ తర్వాత అడిగింది:

"ఇదంటే భయమా అమ్మా?"

"బయమేటి? రోత. పెద్దోళ్ల బడిలో ఆర్నెల్లు కూకుని పేరు రాయడం నేర్సుకున్నాను. ఆకరి రోజున సిరా డబ్బాని గోతిలో పాతేసి, జన్మలో ఏలిముద్దరెయ్యమని అందరం ఒట్టేసినాం. ఈడ ఏలట్టుకు లాగినోళ్లే గాని, కలమిచ్చినోడు ఒక్కడూ నేడమ్మా."

గోతిలోకెళ్లిన ఆ డబ్బా నాకు ఏ వరసో తెలియదు గాని, నా గుడ్డ కాస్త తడారింది.

బోర్డు ముందు సుభాషిణి ఆ ఒట్టు సంగతి చెప్పి, నన్నూ తన పెన్నునూ పక్కపక్కన పెట్టింది. నూకరత్నం పెన్ను తీసుకుంది. 'త్నం' దగ్గర ఆగి, నాలుక కొరుక్కుని, వత్తు దిద్ది మరీ ముగించింది. జడ్జిగారు అంతసేపూ కాచుకుని కూర్చున్నారు. అడిగిన నాలుగు ప్రశ్నలకూ ఆమె తడుముకోకుండా జవాబు చెప్పాక, ఇంటికి పంపమన్నారు.

విశ్వపతిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మూడుసార్లు రాశాను. ఎందుకు వద్దంటోందో ఒక్కసారీ అడగలేదు. తప్పు నాదేనమ్మా."

"ఆ ముక్క కూడా కాయితం మీదెట్టండి బాబూ," అంది నూకరత్నం, చిటికెన వేలితో నన్ను ఆయన ముందుకు జరుపుతూ. "సంతకం రాపోతే ఏలిముద్దరైనా పర్నేదు."