బడికి బీగం పడిన వారం

నేను ఒక మైకును. మండల కేంద్రంలో, ఉపాధ్యాయుల శిక్షణ జరిగే హాలులో చాలా ఏళ్లు ఉద్యోగం చేశాను. ఎక్కడో నగరం శివారు షెడ్డులో నన్ను బిగించారు. శిక్షణల కోసం వచ్చిన నిధులతో కొని ఇక్కడికి తెచ్చారు. వచ్చిన ప్రతివాడూ ముందు నా నెత్తిన రెండు దెబ్బలు వేసి, "హలో, హలో" అంటాడు. ఆ తర్వాత ఎవరికీ నేను గుర్తుండను.

నా ముందు నిలబడినవాళ్లలో చాలామంది, తరగతిలో టీచరు తక్కువ మాట్లాడాలని, పిల్లలను ఎక్కువ మాట్లాడనివ్వాలని చెప్పేవారు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళ దాకా చెప్పేవారు. ఎదురుగా కూర్చున్న టీచర్లు మాత్రం నోరు విప్పే వీలులేక, చార్టుల వెనక ఆవలింతలు దాచుకునేవారు.

సుంకన్న సారును నేను ఎరిగింది అక్కడే. ఆయనది మారుమూల ఊరు, ఒక్కడే టీచరు ఉన్న బడి. ఆయన రాకపోతే బడికి బీగమే. ఆ ఏడు సంక్రాంతి సెలవులు అయ్యాక వారం రోజుల శిక్షణ పెట్టారు. మొదటి రోజు పొద్దునే వచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మండల విద్యాధికారి చక్రపాణి ముందు నిలబడ్డాడు.

"సార్, నన్ను ఈ వారం వదిలెయ్యండి సార్. మా ఊరికి సుగ్గి లారీలు వస్తాండాయి. జనమంతా కూలికి గుంటూరు పక్క మిరపకాయలు కొయ్యను పోతారు. బడి తెరిచి నేనుంటే పిల్లోళ్లను అవ్వల దగ్గర ఇడిపిస్తా. బీగం కనపడితే ఎక్కించుకోని పోతారు."

"నా చేతుల్లో ఏముందయ్యా? పైనుంచి ఆర్డరు. పొద్దున, సాయంత్రం అందరి హాజరు ఫోటో ఫోనులో ఎక్కకపోతే నన్నే అడుగుతారు."

"ఉరుకుందమ్మ అని ఐదో తరగతి పాప ఉంది సార్. గురుకులం పరీక్షకు తయారు చేస్తాండా. సీటు తప్పకుండా వస్తాది."

"వారమే కదా సుంకన్నా! ఏం మునిగిపోతుంది?"

చక్రపాణి చెడ్డవాడు కాదు. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో ఓదార్పే ఉంది.

ఆ వారం శిక్షణ దేని మీదో తెలుసా? బడి మానేసే పిల్లలను నిలబెట్టుకోవడం ఎలా అన్నదాని మీద. మూడో రోజు సుంకన్న వంతు వచ్చింది. బృందం రాసిన చార్టు పట్టుకుని, "తల్లిదండ్రులతో నిరంతరం మాట్లాడాలి..." అని చదువుతున్నాడు. జేబులో ఫోను మోగింది. తీసి విన్నాడు. అవతలి మాట నా దాకా రాలేదు. ఆయన నోట వచ్చిన ఒక్క మాటనే హాలంతా వినిపించాను.

"ఎక్కించేసినారా?"

చార్టు నేల మీద పడింది. బయట మోటారుసైకిలు స్టార్టయిన చప్పుడు వినబడింది. వెనక వరుసలో ఎవరో నవ్వారు. సాయంత్రం ఫోటోలో సుంకన్న లేడు. మర్నాడు ఆయన వచ్చి సంజాయిషీ నోటీసు మీద సంతకం పెట్టాడు. లారీ అందలేదని ఆయన ముఖమే చెప్పింది.

ఎండలు ముదిరాక మళ్లీ శిక్షణ పెట్టారు. భోజనాల వేళ అందరూ వెళ్లిపోయినా సుంకన్న కదల్లేదు. పక్కూరి టీచరు రహమత్ బీ మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఆ పాప తిరిగి వచ్చిందా అన్నా?"

"ఉగాదికి వచ్చింది మేడం. పరీక్ష అప్పటికే అయిపాయె. ఇంటికి పోయి బడికి రమ్మని పిలిస్తి. చేతులు ఎనక్కి పెట్టుకునింది. మిరప ఘాటుకు చేతి ఏళ్లన్నీ పొట్టు లేచినాయి."

"ఏమనింది?"

ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"'మీరే బీగమేసి పోయినారు గదా సార్, అందుకే మా నాయన తీసుకపాయ' అనింది. తిట్టలేదు మేడం. ఊరికే చెప్పింది. తిట్టినా బాగుండు."

రహమత్ బీ కొంగుతో ముఖం తుడుచుకుంది.

సాయంత్రం అభిప్రాయాలు చెప్పే వేళ చక్రపాణి సుంకన్నను పిలిచాడు. ఆయన వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. ఊపిరి బరువుగా వచ్చి నాకు తగిలింది. ఆ ఊపిరి చప్పుడు హాలు చివరి దాకా వెళ్లింది. మాట్లాడుతున్నవాళ్లు ఆగి ఇటు చూశారు. ఇప్పుడు చెబుతాడు అనుకున్నాను. రహమత్ బీ కూడా కుర్చీలో ముందుకు జరిగింది.

"శిక్షణ బాగుంది సార్," అన్నాడు సుంకన్న.

చప్పట్లు కొట్టారు. ఆయన నన్ను బల్ల మీద పెట్టి తన కుర్చీకి వెళ్లిపోయాడు.

తర్వాత కొంతకాలానికి నా వైరు తెగింది. బాగుచేయడం దండగని కొత్త మైకు కొన్నారు. నన్ను తెచ్చి ఈ సామాను గదిలో, విరిగిన కుర్చీల మీద పడేశారు. గోడ అవతలి శిక్షణలు నాకు వినబడుతూనే ఉంటాయి.

మొన్న సంక్రాంతి దాటాక జరిగిన దాంట్లో సుంకన్న పేరు పిలిచారు. ఈసారి ఒక్క రోజూ మానకుండా, ఒక్క ఫోటో తప్పకుండా హాజరైనందుకు ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చారు. మళ్లీ చప్పట్లు.

ఆ వారమంతా వాళ్ల ఊళ్లో బడి ఎవరు తెరిచారని మాత్రం ఎవరూ అడగలేదు.