తాళ్ళ వంతెన మీద మూడో పిలుపు

కాలువలకి నీళ్ళు కట్టేసి పది రోజులైంది. నీళ్ళున్నన్నాళ్ళూ నిండుగా, మర్యాదగా కనిపించే కాలువ ఇప్పుడు కడుపులోదంతా బయటపెట్టుకుని పడుంది. ఎండిన గుర్రపుడెక్క, పగిలిన కుండలు, బురదలో సగం దిగిపోయిన సైకిలు చక్రం. వాటన్నిటి మీదా మూడు కమానులతో తాళ్ళ వంతెన నిలబడి ఉంది.

నూటముప్పై ఏళ్ళ నాటిది. ఇటుక, గానుగసున్నం, మూలలకి రాయి. ఇనుప ముక్క లేదంటారు. రోడ్లు లేని రోజుల్లో బియ్యం, కొబ్బరికాయలు వేసుకున్న నావల్ని మనుషులు తాళ్ళు భుజానేసుకుని గట్టుమీంచి లాక్కుపోయేవారు. ఆ తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని కమాను మూలరాళ్ళు వేలు పట్టేంత లోతుగా కోసుకుపోయాయి. అందుకే దానికా పేరు. ఇదే కాలువ మీద ఇలాంటివి ఇంకో రెండుండేవి. ఒకటి వరదకి పోయింది, ఒకటి రోడ్డు వెడల్పులో పోయింది. దీన్ని రేపు పొద్దున్న పడగొడతారు. పొక్లెయిను అప్పుడే వచ్చి గట్టుమీద నిలబడింది.

వంతెన అవతల శ్మశానం. ఊళ్ళో ఎవరు పోయినా పాడెను నడివంతెన మీద దించి, చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఎక్కడైనా మిణుకుమంటూ ఉంటే పలుకుతుందని, మూడో పిలుపు కూడా అయ్యాకే మనిషి వంతెన దాటతాడని. దింపుడు కళ్ళెం అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే గానీ, ఈ ఊళ్ళో చుట్టరికం వరసతో పిలవరు, పేరుపెట్టే పిలుస్తారు. నాన్నా అంటే ఎవరి నాన్నయినా పలకొచ్చు, పేరైతే ఒక్కడే పలుకుతాడని పెద్దల మాట.

ఆ పొద్దున సీతారత్నం వాకిట్లో చేపల పోలమ్మ బుట్ట దించింది.

"కొరమేనండి. కాలువ గుంటలో పట్టినవి. ఇంకా ఎగురుతున్నాయి చూడండి."

"బురద వాసనేస్తుంటాయి. వద్దులే."

"వద్దంటే మానేయండి గానీ, మీకో మాట చెప్పాలి. తిట్టకూడదండి."

"చెప్పకుండానే తిట్టమంటావా ఏంటే?"

పోలమ్మ బుట్ట మీద తడిగుడ్డ సర్దింది. "మీ ఆయనగారు ఇంకా డూటీ దిగలేదండి."

సీతారత్నం భర్త ముప్పైమూడేళ్ళు ఆ కాలువ మీద లస్కరుగా చేశాడు. లాకుల దగ్గర తలుపులెత్తడం, దించడం, నీటిమట్టం చూసి ఆఫీసులో చెప్పడం ఆయన పని. పోయి ఎనిమిది నెలలైంది.

"నిన్న మిట్టమధ్యాహ్నం వంతెన మీద వస్తున్నానండి. వెనకాల టైరుచెప్పుల చప్పుడు. నేనాగితే ఆగుతారు, నడిస్తే నడుస్తారు. నెత్తిమీద బుట్ట, తిరిగి చూడలేను కదా! అవతలికి దిగేసరికి ఆగిపోయి, మళ్ళీ నడివంతెనకి వెళ్ళిపోయేరు."

"ఎవడో తాగుబోతు అయ్యుంటాడు."

"తాగుబోతు అంత తిన్నగా నడుస్తాడేంటండీ?"

సీతారత్నానికి నవ్వొచ్చింది. కానీ పోలమ్మ వెళ్ళిపోయాక చాలాసేపు గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఈ మాట చెప్పిన మూడో మనిషి పోలమ్మ. మిగతా ఇద్దరిదీ ఒక ఊరు కాదు. ముగ్గురూ టైరుచెప్పులనే అన్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ వేసుకున్నవి అవే.

పదకొండు గంటలకి ప్రకాష్ బండి ఆగింది. బావగారి కొడుకు. రావులపాలెం అరటి మార్కెట్లో గుమస్తా. వీళ్ళకి పిల్లలు లేరు కాబట్టి చితికి నిప్పు పెట్టింది వాడే. లోపలికి రమ్మన్నా రాలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"రేపు కొట్టేస్తారంట కదా పిన్నీ."

"ఊరంతా అదే చెప్తుంది. నువ్వు కూడా అది చెప్పడానికేనా పెట్రోలు తగలేసుకుని వచ్చేవు?"

వాడు నవ్వలేదు. "ఆ రోజు బాబాయిని మూడుసార్లు పిలవలేదు పిన్నీ. రెండే పిలిచేను."

ఆ రోజు జోరున వాన. వైకుంఠరథం పాత వంతెన మీద పట్టదని, ఇవతలే పాడె దించుకుని భుజాల మీద మోశారు. ఆడవాళ్ళు మలుపు దగ్గరే ఆగిపోయారు.

"వాన మరీ ఎక్కువైందా?" అంది సీతారత్నం మెల్లగా.

"వాన కాదు." ప్రకాష్ గోడ పట్టుకున్నాడు. "మొదటిసారి పిలిచేను, ఏం లేదు. రెండోసారి పిలిచేటప్పటికి 'ఆయ్' అని పలికినట్టు వినపడింది."

కొబ్బరిమట్ట ఒకటి పెరట్లో దబ్బున రాలింది. ఇద్దరూ అటు చూడలేదు.

"ఎక్కణ్ణించి వినపడింది?"

"తెలీదు. నా మొహం ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. పెదాలు కదిలేయో లేదో వాన నీళ్ళలో తెలీలేదు. భయమేసి, ఎత్తండి ఎత్తండి అని అరిచేను. వాన కోసమనుకున్నారందరూ. పావుగంటలో షెడ్డు కింద నిప్పు పెట్టేశాను. నేనే పెట్టేను పిన్నీ."

చివరి మాట దగ్గర వాడి గొంతు పిల్లాడి గొంతయిపోయింది.

సీతారత్నానికి ఆ ముందురోజు గుర్తొచ్చింది. అమలాపురంలో డాక్టరు చూసి, పోయారని కాగితం రాసి ఇచ్చాడు. రాత్రంతా ఐసుపెట్టెలో ఉన్నారు. కానీ పొద్దున్నే స్నానం చేయించేటప్పుడు ఆయన ఛాతీ తన అరచేతికి వెచ్చగా తగిలింది. వేడినీళ్ళ వెచ్చదనమని అప్పుడు అనుకుంది. ఎనిమిది నెలలుగా అలాగే అనుకుంటోంది.

లేచి తలుపు గొళ్ళెం పెట్టింది.

"ఎక్కడికి పిన్నీ?"

"రేపటికి పిలిచి అడగడానికి చోటు ఉండదురా. పద."

"నేను పిలవలేను. నిన్న వెళ్ళేను, గొంతు పెగల్లేదు."

"నిన్ను పిలవమన్నానా?"

బండెక్కాక గానీ తను ఒప్పుకున్నదేమిటో ఆవిడకి తెలిసిరాలేదు. ఆయన పేరు ఏడుకొండలు. పెళ్ళైన రోజు గుమ్మం దగ్గర ఆడపడుచులు అడ్డం నిలబడి చెప్పమంటే, పక్కనున్న వాళ్ళకి కూడా వినపడకుండా ఒక్కసారి గొణిగింది. ఆ తర్వాత నలభై ఏళ్ళలో మళ్ళీ అనలేదు. గుళ్ళో అందరూ ఏడుకొండలవాడా అని దణ్ణం పెడుతుంటే తను మాత్రం తిరుపతి స్వామీ అనేది. రేషను కార్డు దగ్గర పేరడిగితే కార్డే చూపించేది. ఆయన మాత్రం దానికి నవ్వి, "నేను పోయినా నా పేరు నీ నోట్లో భద్రంగా ఉంటుందే" అనేవాడు.

వంతెన దగ్గరకి వచ్చేసరికి నీడలు కాళ్ళ కిందకి వచ్చేశాయి. పొక్లెయిను డ్రైవరు భోజనానికి పోయాడు. దూరంగా కొత్త వంతెన మీద ఆటోలు పోతున్నాయి, కానీ వాటి చప్పుడు ఇక్కడికి రావడం లేదు. ప్రకాష్ అవతలి చివర, శ్మశానం వైపు వెళ్ళి నిలబడ్డాడు. సీతారత్నం నడివంతెనకి నడిచింది.

నడుస్తుంటే వెనకాల ఏ చప్పుడూ లేదు. అదే ఆవిణ్ణి భయపెట్టింది. తన అడుగుల చప్పుడు కూడా తనకి వినపడలేదు. కింద కాలువ బొట్టు లేకుండా ఎండి ఉంది. పిట్టగోడ మీంచి వంగి చూస్తే, మూలరాతి మీద తాళ్ళు కోసిన గాడులు మాత్రం నల్లగా, తడిగా ఉన్నాయి. ఇప్పుడే తాడు ఒరుసుకుపోయినట్టు ఆ తడి కిందికి కారుతోంది.

ఆవిడ గోడ పట్టుకుంది. నోరు తెరిచింది. మొదట గాలే వచ్చింది. తర్వాత, పరాయి మనిషి పేరులా, ఆ పేరు వచ్చింది.

"ఏడుకొండలూ!"

పలుకు లేదు. ఆయన మొదటి పిలుపుకి ఎన్నడు పలికాడు గనక! అన్నం చల్లారిపోతోందని లాకుల దగ్గరకి వెళ్ళి "ఏవండీ" అంటే, నీళ్ళ హోరులో ఒకటి పోయేది, రెండోదానికే పలికేవాడు.

"ఏడుకొండలూ!"

"ఆయ్."

కమాను కిందనుంచి వచ్చింది. గట్టిగా కాదు. పనిలో ఉన్న మనిషి తలెత్తకుండా పలికినట్టు వచ్చింది.  సీతారత్నం ఇటుకల మీద కూర్చుండిపోయి, పిట్టగోడ మీంచి వంగి కిందికి చూసింది. పైన పగుళ్ళిచ్చినా ఇంకా మెత్తగా ఉన్న బురద. మనిషి నిలబడితే అడుగు పడేది. ఒక్క అడుగు లేదు.

ఏడవాలో, పారిపోవాలో తెలియని ఆ క్షణంలో ఆవిడకి ఒకటే తట్టింది. ఆయన ఒళ్ళు ఎనిమిది నెలల కిందటే బూడిదైంది. ఆ బూడిద తను చూస్తుండగానే గోదాట్లో కలిపారు. అయినా ఇప్పుడు పలికాడంటే, ఆ రోజు పలికింది కూడా పాడె మీద ఉన్న ఒళ్ళు కాదు. ఈ గొంతుకి ఆ పెదాలతో పనిలేదు. బతికుండగా ఆయన్ని ఎవరూ కాల్చలేదు.

ఊపిరి మెల్లగా లోపలికి వెళ్ళింది.

ఇంక ఒక్క పిలుపు. పిలవకపోతే ఆయన ఇక్కడే ఉంటాడు, రేపు ఇటుకల మధ్య. పిలవకపోతే ఈ పూటంతా ఇక్కడే కూర్చుని ఆ గొంతు వింటూ ఉండొచ్చు కూడా. "అన్నం తిన్నారా?" అని అడగాలనిపించింది. అడిగితే ఆయ్ అనే అంటాడు. ఆ తర్వాత ఇంకోటి అడగాలనిపిస్తుంది. చీకటి పడేవరకూ, పొక్లెయిను వచ్చేవరకూ.

సీతారత్నం గోడ పట్టుకుని లేచింది. ఈసారి అరవలేదు. ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు పిలిచింది.

"ఏడుకొండలూ."

పలుకు లేదు. ఆవిడ నూరు లెక్కపెట్టేంతసేపు ఆగింది. మూలరాతి గాడుల్లో తడి కళ్ళెదుటే ఆరిపోతూ, రాయి మళ్ళీ తెల్లబడింది.

అప్పుడు అవతలి చివర ఉన్న ప్రకాష్ ఉన్నట్టుండి ఒక అడుగు పక్కకి జరిగాడు. పిట్టగోడకి ఆనుకుని, చెప్పులు విడిచి, ఇరుకు దారిలో పెద్దవాళ్ళు ఎదురొస్తే ఒదిగినట్టు ఒదిగి నిలబడ్డాడు. కాసేపు తల వంచుకునే ఉన్నాడు. తర్వాత తల తిప్పి శ్మశానం వైపు చూశాడు.

సీతారత్నం వాడి దగ్గరకి వెళ్ళింది.

"పలికేరా పిన్నీ?"

"రెండోసారి పలికేరు. కిందనుంచి. ఒళ్ళు లేకుండానే పలికేరురా. ఆ రోజు కూడా అంతే." ఆవిడ వాడి భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వు నిప్పు పెట్టింది పోయిన మనిషికే."

ప్రకాష్ అక్కడే, దారి మధ్యన కూలబడి ఏడ్చాడు. సీతారత్నం కొంగు నెత్తిమీద కప్పుకుని, వాడి ఏడుపు అయ్యేదాకా ఎండలో నిలబడింది.