పాయింటు తర్వాత రెండు అంకెలు

నేను ఒక ఫైనాన్స్ క్యాలిక్యులేటర్‌ని. కొట్లో కూడికలు చేసుకునే రకం కాదు, వడ్డీలూ విదేశీ మారకం రేట్లూ చిటికెలో తేల్చే జాతి. పుట్టింది మలేషియాలో, బతుకంతా కాకినాడలో.

నన్ను కొన్నది బాపిరాజుగారు. బ్యాంకులో ఇంటి లోన్ల సెక్షన్ ఆయనది. "పైసలు దాటి లెక్కేంటండీ, చాదస్తం కాకపోతే" అంటూ మొదటిరోజే నన్ను పాయింటు తర్వాత రెండంకెలే చూపేలా సెట్ చేశారు. లోపల అంకెలన్నీ ఉంటాయి, పైకి మాత్రం రెండే. మనుషులకు అలవాటైన పద్ధతే కనుక నేనూ సర్దుకుపోయాను.

రిటైరయ్యాక ఆయన నన్ను కింది వాటాలో ఉండే నూకరత్నానికి ఇచ్చేశారు. "ఉంచుకోమ్మా. ఇరవై రెండేళ్ళలో ఇది ఒక్క తప్పు చెప్పలేదు" అన్నారు. అది నిజమే.

నూకరత్నానికి ముప్పై తొమ్మిదేళ్ళు. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీలో గుమాస్తా. అక్కడ విదేశీ మారకం చూసే ఫారెక్స్ ఆఫీసర్ కుర్చీ ఖాళీ కాబోతోంది, దానికి పీజీ ఉండాలి. దూరవిద్యలో ఎంకామ్ పేపర్లన్నీ గట్టెక్కించింది కానీ ఇంటర్నేషనల్ ఫైనాన్స్ రెండుసార్లు తప్పింది. చేరిన నాలుగేళ్ళలోపు అదీ గట్టెక్కకపోతే పాసైనవి కూడా రద్దు. ఇక మిగిలింది ఒక్క పరీక్ష.

పొద్దున్నే కుక్కర్ ఎక్కించి, నన్ను ముందేసుకుని కూర్చునేది. రూపాయలతో డాలర్లు, డాలర్లతో యూరోలు, యూరోలతో మళ్ళీ రూపాయలు కొంటే ఏమైనా మిగులుతుందా అని లెక్క. మూడు రేట్లూ గుణిస్తే సరిగ్గా ఒకటి వస్తే ఏమీ మిగలనట్టు, ఒకటి దాటితే లాభం. ఆ దాటడం ఎప్పుడూ మూడో అంకెలోనో నాలుగో అంకెలోనో ఉంటుంది. నేను 1.00 అని చూపేదాన్ని.

పుస్తకం వెనక జవాబులో మాత్రం లాభం ఉండేది. ఆమె పుస్తకాన్ని అనుమానించలేదు, నన్నసలే అనుమానించలేదు. ఫోనులో వేసి చూసినా బయటపడేదే. పరీక్ష హాల్లోకి ఫోను రానివ్వరని నాతోనే అలవాటు చేసుకుంది. తన బుర్రే మొద్దనుకుని పేజీలకు పేజీలు బట్టీ పట్టింది. చూస్తూ ఊరుకోవడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

పరీక్షలో ఆ లెక్కే వచ్చింది, పది మార్కులకు. అంకెలు మాత్రం పుస్తకంలోవి కావు. మూడుసార్లు గుణించింది, మూడుసార్లూ 1.00 అన్నాను. 'లాభం లేదు' అని రాసి కింద గీత కూడా గీసింది.

బయట వరండాలో, పక్క బెంచీలో రాసిన పెద్దాయనను అడిగింది. "మూడు కరెన్సీల లెక్కకి మీకెంతొచ్చిందండీ?"

"ఒకటి పాయింటు సున్నా సున్నా నాలుగు మూడండి."

"నాకు ఉత్త ఒకటే వచ్చిందండీ." ఆ రేట్లే వేసి నన్ను ఆయనకు చూపించింది.

ఆయన నన్ను అందుకుని రెండు మీటలు నొక్కాడు. దాచిన అంకెలన్నీ బయటపడ్డాయి. "ఇది రెండంకెల మీదే ఉందండీ. ఎవరూ చెప్పలేదా మీకు?"

నూకరత్నం నన్ను వెనక్కి తీసుకుంది. "ఇన్నాళ్ళూ నా తలకాయే అనుకున్నానండీ" అంది. నాకు సిగ్గేసింది.

పాసవడానికి ఆరు మార్కులు తగ్గాయి. నాలుగేళ్ళ చదువు ఒక్క కాగితంతో రద్దయింది.

ఇప్పుడు నేను ఆఫీసులో ఆమె బల్ల మీద ఉంటున్నాను. ఖాళీ అయిన కుర్చీలోకి నిరుడు చదువు ముగించిన అబ్బాయి వచ్చాడు. మర్యాదస్థుడే. నిన్న అతను వేసిన డాలరు రేటులో నాలుగో అంకె తప్పని ఆమె నాతో లెక్కేసి, పెన్సిల్‌తో దిద్ది ఇచ్చింది. అతను దాని కింద ఇంకుతో సంతకం పెట్టాడు.

"భలే పట్టేశారండీ. మీరు కూడా ఎంకామ్ చదవాల్సింది" అన్నాడు.

"చదివానండీ" అని నన్ను ఆపేసింది.