కోడిపుంజు లేని ఇస్త్రీ పెట్టె

మా ఇంట్లో పరిశుద్ధాత్మ దిగలేదంటే అబద్ధమే అవుతుంది. మా ఆయన మీద దిగాడు. నా మీదే దిగలేదు.

మా ఆయన ఓనోఫ్రే వల్పరైసో రేవులో మూటలు మోస్తాడు. పదకొండేళ్ళలో జీతం రోజున తూలకుండా ఇంటికొచ్చిన పాపాన పోలేదు. అలాంటి మనిషి లియోన్సియో అన్న దగ్గరికి ప్రార్థనకని మూడోసారి వెళ్ళేసరికి నేల మీద పడి, ఏడ్చి, నవ్వి, ఎవరికీ తెలియని భాషలో గంటసేపు దేవుణ్ణి స్తుతించి లేచాడు. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. సంతోషించానా అంటే సంతోషించాను. కడుపు మండిందా అంటే అదీ మండింది. అతనికంటే ఐదు నెలల ముందు నుంచి నేను మోకాళ్ళ మీద ఉన్నాను మరి.

లియోన్సియో అన్న చెప్పులు కుట్టేవాడు. మా కొండ కింద పెద్ద గుడిలో మరీ గోల చేస్తున్నామని మమ్మల్ని బయటికి పంపాక, ఆయన దుకాణం వెనక గదే మా గుడి అయింది. ప్రతి గురువారం మధ్యాహ్నం తోలు వాసన మధ్య నలభై మందిమి ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ఒకరు ప్రార్థన చేస్తుంటే మిగతావాళ్ళు కునికిపాట్లు పడే పద్ధతి మాది కాదు. అన్న 'ప్రార్థిద్దాం' అనగానే నలభై మందీ ఒక్కసారే గొంతెత్తాలి. ఎవరి మొర వారిది, పక్కవాళ్ళు ఏమంటున్నారో వినపడదు. మళ్ళీ ఆయన మేకుల డబ్బా పక్కనున్న చిన్న గంట మోగించగానే అందరూ ఆగాలి. నాకు ఆ హోరంటే ప్రాణం. గొంతు చించుకుని అరుస్తూనే దేవుడితో రహస్యం చెప్పుకోవచ్చు.

నా మీద ఆత్మ ఎందుకు దిగడం లేదో అన్నకు అంతు పట్టలేదు. ఉపవాసం ఉండమన్నాడు, ఉన్నాను. ఓపిక పట్టమన్నాడు, అది నా వల్ల కాలేదు. అసలు కారణం నాకు తెలుసు. అది నా ఇంట్లో, కుంపటి పక్కన, అరుగు మీద ఉంది. బొగ్గుల ఇస్త్రీ పెట్టె.

నాలుగేళ్ళ కిందటి భూకంపంలో మా ఇళ్ళ వరసంతా కూలిపోయింది. నేనూ, పక్కింటి క్లోరిందా ఇద్దరం కింద పెద్దిళ్ళ వాళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతికేవాళ్ళం. నా కూతురికి బాప్తిస్మమప్పుడు ఎత్తుకుని నిలబడింది తనే, అందుకే ఒకరినొకరం వదినా అని పిలుచుకుంటాం. గుడారాల్లో ఉన్న రోజుల్లో శిథిలాలు తవ్వుతుంటే నా పెట్టె అప్పడంలా అయిపోయి దొరికింది. రెండడుగుల అవతల క్లోరిందా పెట్టె చెక్కు చెదరకుండా దొరికింది. వాళ్ళమ్మ ఇచ్చిన పెట్టె అది. మూత గొళ్ళెం మీద చిన్న ఇత్తడి కోడిపుంజు ఉండేది. అడిగితే ఇచ్చేద్దామనుకున్నాను. మట్టిలో కలిసిపోయిందనుకుని ఆమె అడగలేదు. వారం గడిచింది, నెల గడిచింది. ఆమె గుర్తు పడుతుందని పటకారుతో కోడిపుంజును విరిచి మేం టీలా కాచుకునే మాతే ఆకు డబ్బా అడుగున దాచాను. పెట్టె లేని క్లోరిందా చేపల బజారులో చేపలు కోసే పనికి పోయింది.

అక్కడితో అయిపోతే బాగానే ఉండేది. ఆ బజారులోనే ఒక చేపలమ్మి ఆమెకు వాక్యం చెప్పింది. క్లోరిందా రక్షణ పొందింది, ఆత్మను పొందింది, ఆ తర్వాత నన్నూ వెంటబెట్టుకుని అన్న దగ్గరికి తీసుకొచ్చింది. రక్షణ పొందినవాళ్ళు ఆదివారం వీధి మూల నిలబడి తమ సంగతి తామే చెప్పాలన్నది మా పద్ధతి. క్లోరిందా సాక్ష్యానికి ఈ కొండ మీద సాటి లేదు. భూకంపంలో దేవుడు నా చేతిలోంచి ఇస్త్రీ పెట్టె లాగేసుకున్నాడు, చేపల కత్తి పెట్టాడు, ఆ కత్తి పట్టుకునే వాక్యం దాకా నడిచాను అని ఆమె చెబుతుంటే, 'కనూతోలు వచ్చారర్రా' అని మాకు పెట్టిన వెక్కిరింత పేరుతో అరుస్తూ మా మీద బంగాళదుంప తొక్కలు విసిరే వాళ్ళు కూడా చేతులు దించుకునేవారు. నేను పక్కనే నిలబడి ఆమేన్ అనేదాన్ని. ప్రతి ఆదివారం, అందరికంటే గట్టిగా.

పైగా ఆమె చేప వాసన పోని చేతులు నా నెత్తి మీద పెట్టి, మా వదినకు ఏం అడ్డముందో తీసెయ్యి ప్రభువా అని ప్రార్థించేది. ఆ చేతుల నిండా కత్తిగాట్లు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అయినా ఇవ్వడానికి చేయి రాలేదు. ఆ పెట్టె పోతే నాకూ చేపల బజారే గతి.

ఆ గురువారం ఇక తట్టుకోలేకపోయాను. ఇంత హోరులో చెప్పేస్తే దేవుడు వింటాడు, క్లోరిందా వినదు, బరువు దిగుతుంది, పెట్టె మిగులుతుంది అని లెక్క వేసుకున్నాను. దేవుడితోనే గడుసుతనం. కళ్ళు గట్టిగా మూసుకుని మొదలుపెట్టాను. మొదలుపెట్టాక ఏడుపు ముంచుకొచ్చింది, చెవులు హోరెత్తాయి, గంట మోగిన సంగతే నాకు తెలియలేదు.

"క్లోరిందా పెట్టె దొంగిలించింది నేనే ప్రభువా, పుంజుని పటకారుతో విరిచింది నేనే, అది మాతే డబ్బా అడుగునుంది ప్రభువా!"

కళ్ళు తెరిస్తే నలభై ముఖాలు నావైపే ఉన్నాయి. అన్న చేతిలో గంట అలాగే ఉంది. నాలుగేళ్ళుగా ఆ డబ్బాలో ఆకుతోనే మాతే తాగుతున్న మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

క్లోరిందా లేచి వచ్చింది. చెంప పగులుతుందని కళ్ళు మూసుకున్నాను. పగల్లేదు.

"దేవుడు తీసుకున్నాడని ఇన్నాళ్ళుగా ఊరంతా చెప్పుకుంటున్నా కదే వదినా," అంది. "పక్కనే నిలబడి ఆమేన్ అన్నావు. ఇప్పుడా జనానికి నేనేం చెప్పుకోను?"

ఆదివారం పెట్టె వీధి మూలకి తెచ్చి అందరి ముందూ తన చేతిలో పెట్టమని చెప్పి, అన్న భార్య పోసిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. చెప్పడం అయిపోయింది, ఇవ్వడమే మిగిలింది, అదే కష్టంగా ఉంది. మిగిలిన చొక్కాలు ఇస్త్రీ చేసి ఎవరివి వారికి ఇచ్చేశాను. ఓనోఫ్రే నన్ను ఒక్క మాటా అనలేదు. డబ్బా బోర్లించి కోడిపుంజును తీసి బూడిదతో మెరిసేలా తోమాడు. ఈ సంగతి ముందే చెప్పి ఉంటే తాగుడుకి మంచి సాకు దొరికేది కదా అని మాత్రం అన్నాడు.

ఆదివారం కొండ మెట్ల కింద వీధి మూలలో, చేతులెత్తి మూడుసార్లు దేవునికి మహిమ అని కేక వేశాం. నా చేతులు ఖాళీగా లేవు గనక నేను నోటితోనే సరిపెట్టాను. నేను బట్టలు ఉతికే ఇళ్ళ వంటమనుషులు, బండివాళ్ళు, సారాయి దుకాణంవాడు, అందరూ ఉన్నారు. క్లోరిందా మొదలుపెట్టింది. భూకంపం వచ్చింది, ఇల్లు కూలింది, దేవుడు నా ఇస్త్రీ పెట్టె... అక్కడ ఆగిపోయింది. ఆ సాక్ష్యం అందరికీ కంఠతా వచ్చు.

"లాగేసుకున్నాడు," అని అందించాడు సారాయి దుకాణంవాడు గుమ్మంలోంచి. "తర్వాత చెప్పమ్మా."

ఆమె నావైపు చూసింది. కొండంతా గొప్పగా చెప్పుకునే సాక్ష్యం నా మూలాన సగంలో ఆగిపోయి నిలబడింది. అది చూడలేకపోయాను. పెట్టెను రెండు చేతులా పట్టుకుని ముందుకొచ్చాను. ఈ కొండ మీద నా నోటికి జడవని మనిషి లేడు. ఆ నోరే ఎండిపోయింది.

"దేవుడు తియ్యలేదు, నేను తీశా," అన్నాను. "ఈవిడ చేతులు చేపల కత్తికి తెగుతుంటే, ఈవిడ పెట్టెతోనే నేను మీ చొక్కాలు ఇస్త్రీ చేశా. మీ మెడ మీదున్న కాలర్లన్నీ దొంగ ఇస్త్రీవే."

ముందు వరసలో బండివాడు చప్పున తన కాలరు తడుముకున్నాడు. అది చూసి క్లోరిందా పక్కున నవ్వింది. ఆమె నవ్వితే నాకూ నవ్వొచ్చింది. ఆపుదామంటే ఆగలేదు. నవ్వు ఏడుపైంది, ఏడుపు మాటలైంది. ఆ మాటలు నావి కావు. ఏ బడిలోనూ, ఏ రేవులోనూ విన్నవి కావు. ఒంట్లో బరువన్నది లేదు, అంత సంతోషం నేను పుట్టి ఎరగను.

తెలివి వచ్చేసరికి మెట్టు మీద కూర్చుని ఉన్నాను. నా పక్కనే క్లోరిందా.

"పావుగంట మాట్లాడావు వదినా," అంది. "ఎవ్వరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. నువ్వు నోరు తెరిస్తే తిట్లు పడకుండా ఇంటికెళ్ళడం ఈ కొండ వాళ్ళకి ఇదే మొదలు."

ఇస్త్రీ పెట్టె ఇవ్వాలని గుర్తొచ్చి ఒళ్ళో తడుముకున్నాను. లేదు. ఆమె ఒళ్ళో ఉంది. ఓనోఫ్రే ఇచ్చిన కోడిపుంజును గొళ్ళెం మీద ఆనించి చూసుకుంటోంది. ఆ పెట్టె ఆమె చేతికి ఎప్పుడిచ్చానో నాకు ఇప్పటికీ తెలియదు.