లాగుడు వైపరు

దర్జీగారి కారుకి ఏ జబ్బు చేసినా మందు ఆయన కుట్టుమిషను సొరుగులోనే దొరికేది. తలుపు లోపలి పిడి విరిగితే పాత బెల్టు ముక్క కుట్టేశాడు. ముందు అర మూత నిలవకపోతే దానికో కోటు గుండీ, కాజా. సీట్లకేమో దుకాణంలో మిగిలిన సూటు గుడ్డలు. ఎక్కినవాళ్లకి "మీరు కూర్చున్నది బ్యాంకు మేనేజరుగారి ప్యాంటు గుడ్డ" అని చెప్పందే బండి కదిపేవాడు కాదు. మెకానిక్కు మాటెత్తితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు. "వాడు విప్పుతాడు, నేను కుడతాను. ఏది గట్టి?" అనేవాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఇంక ఆ మనిషితో ఏం వాదిస్తాం చెప్పండి!

అన్నిట్లోకీ ఆయన గొప్పగా చెప్పుకునేది వైపరు. పన్నెండేళ్ల కిందట దాని మోటారు కాలిపోయింది. పారేసి, వైపరుకి ఒక పక్క లంగాలకి వేసే ఎలాస్టిక్కు, రెండో పక్క గట్టి తాడు కట్టి, ఆ తాడు కొసని పక్క సీటు కిటికీలోంచి లోపలికి తెచ్చాడు. తాడు లాగితే వైపరు ఇటొస్తుంది, వదిలితే ఎలాస్టిక్కు అటు లాక్కుపోతుంది. మరి లాగేదెవరు? ఇంకెవరు, పక్క సీట్లో కూర్చునే ఇల్లాలు. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. వాన పడితే చాలు, ఈయన దర్జాగా స్టీరింగు పట్టుకుని "లాగు... వదులు... లాగు" అనేవాడు, ఆవిడ లాగేది. వానాకాలమంతా ఆవిడ చూపుడు వేలికి ప్లాస్టరు ఉండేది. సూదుల ఉద్యోగం కదా, మామూలే అనుకున్నాడు మహానుభావుడు. మూడేళ్లుగా ఆ ప్లాస్టరు కనబడకపోతే "చేయి తిరిగిందన్నమాట, ఇప్పుడు సూదులు బాగా వేస్తున్నావు" అని మెచ్చుకున్నాడు కూడా.

అలాంటి ఇంట్లో ఆ శుక్రవారం పొద్దున్నే ఫోను మోగింది. ఆవిడకి ఆ వారమే కొత్త ఉద్యోగం వచ్చింది. ఇళ్లకి వెళ్లి మంచాన పడ్డవాళ్లని చూసి రావడం. ఇరవై రెండేళ్లుగా చేస్తున్న రాత్రి డ్యూటీల పీడ దాంతో విరగడవుతుంది. కాకపోతే సోమవారానికల్లా డ్రైవింగు లైసెన్సు చూపించాలి. పరీక్ష ఆ శుక్రవారమే. నేర్పిన డ్రైవింగు స్కూలువాళ్లు ఆ ఫోనులో చల్లగా చెప్పారు: వాళ్ల కారు గేరుబాక్సు పోయింది, ఇంకో మూడు వారాలకి గానీ పరీక్ష కుదరదు, సొంత బండి ఉంటే తెచ్చుకోండి అని.

ఆవిడ ఫోను పెట్టేసి, పెరట్లో ఉన్న కారుని చూసి, మొగుణ్ని చూసింది. 

"ఏమండీ, మన కారే తీసుకెళ్దాం. కానీ మీకు దణ్ణం పెడతాను, దేన్నీ ముట్టుకోకండి."

"ఛ, నేనెందుకు ముట్టుకుంటాను? ఊరికే ఒకసారి చూస్తాను," అన్నాడాయన. 

ఆవిడ స్నానానికి వెళ్లింది. ఆయన బానెట్టు ఎత్తాడు. ఏదో ఒకటి ఆగిపోతే తప్ప బానెట్టు ఎత్తే అలవాటు ఆయనకి లేదు, మూడేళ్లుగా ఏదీ ఆగింది లేదు. ఎత్తి చూస్తే ఏముంది! వైపరు కింద పిడికిలంత డబ్బా ఒకటి తగులుకుని ఉంది. దాని వైరు పట్టుకుని వెతుక్కుంటూ పోతే, రేడియో కింద చీకట్లో చిన్న స్విచ్చు తేలింది. తాను పెట్టింది కాదు. తాను పెట్టనిది తన కారులో ఉండడమేమిటి? "ఓహో, ఇదా నా వైపరుని బిగబట్టేది!" అనుకుని డబ్బా, వైరు, స్విచ్చు మూడూ పీకేశాడు. స్విచ్చు జేబులో పడేసి, ఆ చిల్లు మీద చక్కగా మాసిక వేశాడు. వైపరుకి కొత్త ఎలాస్టిక్కు వేసి ముడి బిగించాడు. ఆవిడ చీర కట్టుకుని వచ్చేసరికి చేతులు కడుక్కుని ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

పరీక్ష మైదానంలో మీసాల ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో ఎక్కాడు. దర్జీగారు కంచె దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఆవిడ పాసవ్వాలి. రాత్రిళ్లు ఖాళీ మంచం చూసీ చూసీ ఆయన ప్రాణం కూడా విసిగిపోయింది.

మలుపులు బాగానే తిరిగింది. వెనక్కి తీయడం కూడా అయింది. సరిగ్గా అప్పుడే వాన దబదబా మొదలైంది. కారు మైదానం మధ్యలో ఆగిపోయింది. ఆవిడ చెయ్యి రేడియో కింద తడుముతోంది. అటు తడిమింది, ఇటు తడిమింది. తర్వాత తల తిప్పి, అద్దంలోంచి తిన్నగా ఈయన వైపు చూసింది. పాతికేళ్ల కాపురంలో ఆ చూపు ఆయన రెండు మూడుసార్లే చూశాడు. చెయ్యి దానంతటదే జేబులో స్విచ్చు మీదికి పోయింది. ఓరి నాయనో, అనుకున్నాడు.

కాసేపటికి ఇన్‌స్పెక్టరు మోచెయ్యి కదలడం మొదలెట్టింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. కారు కదిలింది. వానలోంచి ఆవిడ గొంతు మైదానమంతా వినబడింది: 

"లాగండి సార్... వదలండి సార్... లాగండి!"

అచ్చం తన గొంతే. తానింత గట్టిగా అరుస్తాడని ఆయనకి ఆ రోజు దాకా తెలీదు.

రెండు చుట్లు తిరిగాక ఇన్‌స్పెక్టరు వేలు నోట్లో పెట్టుకుని దిగాడు. "నువ్వు పాసమ్మా. దీన్నే నడిపావంటే ఇంకేదైనా నడుపుతావు," అని, కంచె దగ్గరికొచ్చి "ఎవరిదయ్యా ఈ బండి?" అన్నాడు.

అడక్కపోయినా చెప్పుకునే మనిషి, అడిగితే నీళ్లు నమిలాడు. "ఆవిడ భర్తది సార్."

"ఏడీ ఆయన?"

"ఇప్పుడే వెళ్లాడు సార్."

"కనబడితే చెప్పు. దీనికి మోటారు పెట్టించకుండా మళ్లీ రోడ్డెక్కితే ఊరుకోనని."

తిరుగు దారిలో ఆవిడే నడిపింది. ఆయన మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు. వాన తగ్గలేదు. 

"లాగండి," అంది. లాగాడు. "రేడియో కింద స్విచ్చు ఏం చేశారు?"

ఆయన జేబులోంచి తీసి చూపించాడు. "ఇది నీదా?"

"మూడేళ్ల కిందట మీరు ఊళ్లో లేనప్పుడు మెకానిక్కు చేత మోటారు పెట్టించాను. లాగండి."

"మరి నేను లాగు అన్నప్పుడల్లా..."

"ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చేత్తో స్విచ్చు వేసేదాన్ని. మీరు వదులు అంటే ఆపేదాన్ని."

ఆయనకి ఒళ్లు మండిపోయింది. "మూడేళ్లు నన్ను వెర్రివెధవని చేశావా? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"తొమ్మిదేళ్లు చెప్పాను," అంది ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "నొప్పిగా ఉందండీ అంటే, ఎలాస్టిక్కు మార్చారు. అదింకా బిగుతు. అప్పుడింక చెప్పడం మానేశాను. లాగండి."

రెండో కూడలి వచ్చేసరికి ఆయన చూపుడు వేలు మండుతోంది. మూడో కూడలికి తోలు లేచింది. సరిగ్గా ఆవిడకి ప్లాస్టరు ఉండే చోటే, రెండో కణుపు మీద. ఆయన ఆ వేలు వంకే చాలాసేపు చూశాడు.

"ఆ ప్లాస్టర్లు... సూదులవి కావా?"

"ఇరవై రెండేళ్లలో నాకు సూది ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు."

ఎర్ర దీపం పడింది. ఆవిడ బండి ఆపి, సంచీ తెరిచి, ఆయన చెయ్యి దగ్గరికి లాక్కుని, వేలికి ప్లాస్టరు చుట్టింది.

"ఆ మెకానిక్కు షాపు ఎటు?" అన్నాడు చివరికి.

"ఎడమ పక్క."

"అటే తిప్పు."

పచ్చ దీపం వెలిగింది. ఆవిడ ఎడమకి తిప్పి, "లాగండి," అంది. 

లాగాడు.