అయిదింటి ఫోను

కోదండం మూడో మగ్గం ఆపి, తెగిన పడుగు పోగును పట్టుకుని ముడి వేశాడు. ముడి వేయడానికి అతనికి కళ్లతో పనిలేదు. వేళ్లే వెతుక్కుంటాయి, వేళ్లే వేసేస్తాయి. గంజి పెట్టిన నూలును ముప్పై ఆరేళ్లుగా మెలిపెట్టీ మెలిపెట్టీ బొటనవేలి కొసా, చూపుడు వేలి కొసా కాయలు కాచి గట్టిపడిపోయాయి. వేడి టీ గ్లాసు అంచు పట్టుకున్నా వాటికి కాలదు. ముడి వేసి, మగ్గం మళ్లీ నడిపించి, అటూ ఇటూ పరుగెత్తే నాడెలో నూలు అయిపోవచ్చిందని రెండో మగ్గం దగ్గరికి నడిచాడు.

నగరిలో ఆ షెడ్డులో ఎనిమిది మరమగ్గాలు. నాలుగు కోదండం చూస్తాడు, నాలుగు మునిచంద్ర చూస్తాడు. ఆ ఎనిమిదీ కలిసి మోగుతుంటే పక్కనున్న మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని అంతా సైగలే. నీళ్లకు బొటనవేలు, టీకి రెండు వేళ్లు, షెడ్డు యజమాని ముదలాళి వస్తున్నాడంటే మీసం దువ్వుకోవడం. మీసం లేని మునిచంద్ర కూడా దువ్వుకుంటాడు. ఇన్నేళ్ల చప్పుడుకు కోదండం చెవులు సగానికి సగం పోయాయి. ఇంటికెళ్లినా అరిచే మాట్లాడతాడు. పెంచలమ్మ కూడా అలవాటుపడి ఇంట్లో అన్నానికి, నిద్రకు, అలకకు అన్నిటికీ సైగలే చేసేది.

ఆ పెంచలమ్మ పదకొండు రోజులుగా తిరుపతి ఆస్పత్రిలో ఉంది. ముప్పై రెండేళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని కండెలకు నూలు చుట్టిన మనిషి. ఆ దూది నుసి అంతా ఎక్కడికి పోతుంది మరి, ఊపిరితిత్తుల్లోకే పోయింది. ఇన్ఫెక్షన్ అంటుతుందని అద్దాల తలుపు వెనక గదిలో పెట్టారు. లోపలికి ఎవరినీ పోనివ్వరు. సాయంత్రం అయిదింటికి నర్సు తన ఫోనులో వీడియో పెట్టి, అయిదు నిమిషాలు పేషెంటును చూపిస్తుంది. అంతే.

భార్య అట్లా ఉంటే ఈ మనిషికి మగ్గం దగ్గరేం పని అంటారేమో. అక్కడున్నా చూసేది ఫోనులోనే. అద్దాల తలుపు బయట బెంచీ మీద మరదలు వసంతమ్మ కూర్చునే ఉంది. మొదటి వారమంతా కోదండమూ ఆ బెంచీ మీదే కూర్చున్నాడు. ఇంకా ఆగితే ముదలాళి ఆ నాలుగు మగ్గాలూ ఇంకొకరికి అప్పగిస్తాడు. రేపు మనిషి ఇంటికి తిరిగొస్తే గంజి కాచి పోయడానికైనా మగ్గం ఉండాలి కదా.

కోదండం దగ్గరుండేది బటన్ల ఫోను. అందుకని నిన్న మునిచంద్ర ఫోనుకు చేయించారు. ఫోను వచ్చిందని తెలిసి పక్క షెడ్డులోంచి కూడా నలుగురొచ్చి చుట్టూ మూగారు. అందరూ చెవులు పోయినవాళ్లే. "ఎట్లుండావక్కా?" "తింటా ఉండావా?" అని ఒకటే అరుపులు. ఆ తలకాయల మధ్య పెంచలమ్మ కళ్లు మొగుణ్ణి వెతుక్కున్నాయి. మాస్కు కాస్త పైకెత్తి అంది:

"మావా, రేపు నువ్వొక్కడివే ఉండు. నీకొక మాట చెప్పల్ల."

"యాడో బంగారం దాచిపెట్టినట్టుండాదే!" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. కోదండమూ నవ్వాడు.

నవ్వాడు గానీ, అప్పట్నుంచీ ఆ మాటేమిటా అని ఆలోచిస్తూనే ఉన్నాడు. ముప్పై రెండేళ్ల కాపురంలో 'నీకొక మాట చెప్పాలి' అని ఆమె ముందుగా అడిగి చెప్పింది ఒక్కటీ లేదు. పిల్లలు లేరు, చెప్పుకోవడానికి ఆస్తిపాస్తులు లేవు. ఏం చెబుతుంది? ఎప్పుడో తిట్టిన తిట్టు గుర్తొచ్చిందా? తమ్ముడి పెళ్లికి పంపించలేదని ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుందా? 'నన్ను ఇంటికి తీసకపో మావా' అంటుందేమో. అంటే ఏం చెయ్యాలి? ఏదైనా సరే, ఆ మాట తనొక్కడే వినాలి. అడుగులకు మడుగులొత్తకపోయినా, అడిగిన ఒక్క మాటా వినకపోతే ఇంక మొగుడెందుకు?

"నా ఫోనుకు నిమిషానికొకడు చేస్తాడన్నా," అన్నాడు మునిచంద్ర. "సరిగ్గా ఆ టయానికి ఎవడో ఒకడు అడ్డం పడతాడు. నువ్వొకటి తీసుకో."

అందుకని ఆ మధ్యాహ్నం కోదండం అన్నం తినకుండా, రెండుసార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కుని, బజారువీధిలో హరినాథ్ సెల్‌ఫోన్ల అంగడికి వెళ్లాడు.

హరినాథ్ మంచివాడే. అద్దాల బల్ల మీద మూడు ఫోన్లు వరసగా పెట్టాడు. "దీంట్లో కెమెరా బాగుంటాదన్నా. దీంట్లో చార్జింగు రెండ్రోజులు నిలస్తాది. ఇదో, దీంట్లో జాగా ఎక్కువ. ఎన్ని సినిమాలైనా పెట్టుకోవచ్చు."

"సద్దు దేంట్లో ఎక్కువప్పా?"

"ఏం సద్దు?"

"మోగే సద్దు. నాకు చెవులు సరిగ్గా ఇనపడవు. ఫోనొస్తే నాకు ఇనపడల్ల."

హరినాథ్ మొదటి ఫోను మోగించాడు. కోదండం తల అడ్డంగా ఊపాడు. రెండోదీ అంతే. మూడోదాన్ని మోగించమని చెప్పి అంగడి దిగి, నడిరోడ్డు మీదికెళ్లి నిలబడ్డాడు. పుత్తూరు బస్సు హారను కొట్టుకుంటూ వస్తోంది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. తిట్టు వినపడలేదు గానీ ఫోను మోత వినపడింది. కోదండం మొహం వెలిగిపోయింది.

"ఇదే ఇయ్యప్పా. బొమ్మ ఎంత పెద్దగా వస్తాది? మనిషి మొగం బాగా కనపడతాదా?"

"సినిమా మాదిరి కనపడతాది. పట్టుకోన్నా, బరువు సూడు."

కోదండం అప్పటికే చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. "వద్దులేప్పా. చేతికి చమురుంటాది."

చమురు లేదు. సబ్బు వాసన వస్తున్న చేతులవి. కానీ మగ్గం పని నేర్చుకున్న మొదటిరోజే అతనికి నేర్పిన పాఠం అది. మగ్గానికి చమురు వేసిన చేత్తో తెల్లబట్టను ముట్టుకుంటే మరక పడుతుంది. మరక పడిన తాను వెనక్కొస్తుంది. మొదటి మరకకు మేస్త్రి కొట్టిన దెబ్బ ఇప్పటికీ చెంప మీద ఉన్నట్టే ఉంటుంది. అప్పట్నుంచీ కొత్త వస్తువేది కనపడినా కోదండం చేతులు వాటంతటవే వెనక్కి పోతాయి. పెళ్లిలో పట్టుచీరను కూడా పళ్లెంతో అందించాడని పెంచలమ్మ చెప్పి చెప్పి నవ్వేది.

హరినాథ్ పాత ఫోనులోని సిమ్ము తీసి కొత్తదాంట్లో వేశాడు. వీడియో వచ్చేట్టు అన్నీ పెట్టాడు. తన ఫోనుతో దానికి చేసి చూపించాడు. తెర మీద పచ్చటి గుండ్రం ఒకటి ఎగిరెగిరి పడింది.

"ఇదో, ఈ పచ్చదాన్ని ఏలితో ఇట్ల పైకి జరిపితే సాలు. మనిషి కనపడతాడు. ఒకసారి నువ్వు జరుపన్నా."

"నువ్వే జరుపు, నేను సూస్తా."

హరినాథ్ మూడుసార్లు జరిపాడు. మూడుసార్లూ కోదండం వీపు వెనక తన వేలిని గాలిలో పైకి జరిపాడు. ఓస్, ఇంతేనా అనిపించింది. ముడి వేయడంలో సగం పని కూడా లేదు.

అక్కణ్ణుంచే హరినాథ్ చేత వసంతమ్మకు ఫోను చేయించి, బల్ల మీద ఉన్న ఫోనుపైకి వంగి అరిచాడు. "ఈ పొద్దు మన నంబరుకే చెయ్యమను! నేనొక్కణ్ణే ఉంటా అని చెప్పించు మీ అక్కకు!"

షెడ్డుకు తిరిగొచ్చాక ఫోనును పెట్టెతో సహా తుండుగుడ్డలో చుట్టి గూట్లో పెట్టాడు. దూది నుసి పడుతుందని పైన ఇంకో గుడ్డ కప్పాడు. మునిచంద్ర చూపించమని సైగ చేస్తే, తర్వాత అని సైగ చేశాడు. పావు తక్కువ అయిదింటికి తన మగ్గాలు చూడమని మునిచంద్రకు చెప్పి, మూట చంకలో పెట్టుకుని బయటపడ్డాడు.

షెడ్డు వెనకైతే ఎవరో ఒకరు బీడీకి వస్తారు. కోదండం రైలు కట్ట దాకా నడిచాడు. అక్కడ గానుగ చెట్టు కింద బండ మీద ఎవరూ లేరు. కనుచూపు మేరలో మనిషి లేడు. అదే కావలసింది. బండ మీద తుండుగుడ్డ పరిచి, దాని మీద ఫోను పెట్టి, దాని ముందు బాసిపెట్లు వేసుకుని కూర్చున్నాడు. చొక్కా గుండీలు సరిచూసుకున్నాడు. జుట్టు చేత్తో అణుచుకున్నాడు. 'ఏం పెంచలా' అనాలా, 'ఎట్లుండాది' అనాలా అని ఒకసారి అనుకుని చూసుకున్నాడు.

అయిదూ ఏడుకు ఫోను మోగింది. చెట్టు మీది కాకులు లేచిపోయేంత గట్టిగా మోగింది.

కోదండం వేలిని పంచెకు తుడుచుకుని పచ్చ గుండ్రం మీద పెట్టి పైకి జరిపాడు. అది కదలలేదు. నెమ్మదిగా జరిపాడు. గట్టిగా అదిమి జరిపాడు. హరినాథ్ ఎట్లా చేశాడో అచ్చం అట్లాగే చేశాడు. గుండ్రం అక్కడే ఎగురుతోంది. బొటనవేలు పెట్టాడు. వేలిని నాలుకకు తడి చేసుకుని పెట్టాడు. ఆ వేలు అక్కడ ఉన్నట్టే ఫోనుకు తెలియలేదు.

"ఉండు పెంచలా, ఉండు, ఎత్తుతా ఉండా!" అని ఫోనులోకి అరిచాడు.

మోత ఆగిపోయింది. కట్ట మీద గాలి తప్ప ఏమీ లేదు. మళ్లీ మోగింది. ఈసారి ఫోను చేత్తో పట్టుకుని లేచాడు. చుట్టూ చూశాడు. "ఎవరన్నా ఉండారా! అప్పా! ఎవరన్నా రాండప్పా!" ఎవరూ లేని చోటు వెతుక్కుని వచ్చిందే తను. ఇంక షెడ్డు వైపు పరుగెత్తాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, పంచె కాళ్లకు అడ్డం పడుతుంటే ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో ఆ మోగే ఫోనును దీపంలా ముందుకు చాపి పరుగెత్తాడు. దార్లో మోత ఆగింది. షెడ్డు గేటు దగ్గర మూడోసారి మొదలైంది. లోపలికి దూసుకెళ్లి మునిచంద్ర చేతిలో పెట్టేసరికి అదీ ఆగింది.

మునిచంద్ర అతన్ని బయటికి తీసుకొచ్చి, వేలు మడిచి, కణుపుతో తెరను తట్టాడు. తెర వెంటనే పలికింది.

"మన ఏళ్లకు ఇది పలకదన్నా. కొసలు చచ్చిపోయినాయి కదా. మగ్గమోళ్లందరికీ ఇంతే. కణుపుతో జరపల్ల." నుదురు కొట్టుకున్నాడు. "నేను ముందే చెప్పాల్సింది. మరిసిపోయినా. నా బుద్ధి కాలిపోను."

తనే తిరిగి ఫోను చేశాడు. నర్సు ఎత్తింది. టైము అయిపోయిందని, ఆయాసం వస్తే ఆక్సిజన్ పెట్టి పడుకోబెట్టామని, రేపు తప్పకుండా చేయిస్తామని చెప్పింది.

"రేపు ఎత్తుతాలే," అన్నాడు కోదండం.

ఆ సాయంత్రం గేటు దగ్గర నిలబడి మునిచంద్ర తన ఫోనుతో ఏడుసార్లు చేశాడు. ఏడుసార్లూ కోదండం వేలు మడిచి కణుపుతో ఎత్తాడు. ఏడోసారి చూడకుండానే ఎత్తేశాడు.

మరునాడు పొద్దున ఆరింటికి, మొహం కడుక్కుంటుంటే ఫోను మోగింది. తడి చెయ్యి తుడుచుకుని కణుపుతో జరిపాడు. మొదటిసారికే వచ్చేసింది. వసంతమ్మ. ఆమె ఏడుపు వినడానికి అతనికి చెవులు బాగుండనక్కర్లేదు. నాలుగింటికే పోయిందట. ఎవరికీ చెప్పకుండా, నిద్రలోనే.

తిరుపతి చేరేసరికి తొమ్మిదయింది. ఇన్నాళ్లూ మూసి ఉన్న అద్దాల తలుపు తీసి, "సామాన్లు తీసుకుందురు రాండి," అని నర్సు ధరణి లోపలికి పిలిచింది. చెప్పులు విప్పమనలేదు. మాస్కు పెట్టుకోమనలేదు. నిన్న ఈ తలుపు ఇట్లా తెరిచి ఉంటే ఎంత బాగుండేది, ఒక్క అయిదు నిమిషాలు!

"నిన్న మజ్జాన్నం నుంచీ ఆయమ్మకు ఒకటే తొందర," అంది ధరణి. "తల దువ్వమనింది. వాళ్ల చెల్లెలికి చెప్పి బొట్టుబిళ్లలు తెప్పించమనింది. పెట్టుకుని, దిండుకు ఆనుకుని రెడీగా కూర్చునింది."

"ఏమన్నా చెప్పిందామ్మా?"

"నాకు చెప్పమ్మా, నేను చెప్తానంటే తల అడ్డంగా ఊపింది. ఇంకొక తూరి చెయ్యి, ఇంకొక తూరి చెయ్యి అని మూడు తూర్లు చేయించింది."

"నేను ఎత్తలేదని కోపం చేసిందా?"

"లేదు పెద్దాయనా. 'పాపం, మగ్గం కాడ ఉంటాడు. ఆ సద్దులో ఇనపడి ఉండదు' అనింది."

కోదండం ఏదో చెప్పబోయాడు. వినపడిందమ్మా, బాగా వినపడింది అని చెప్పాలి. ఈలోపే ధరణి స్టీలు చెంబు, దువ్వెన, మడిచిన చీర ఉన్న సంచిని అతని చేతికిచ్చి, ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది.

పెంచలమ్మను అప్పటికే శవాల గదికి తీసుకుపోయారు. మంచం మీద దుప్పటి మార్చేశారు. దిండు కొత్తది వేశారు. తల పెట్టుకునే వైపు, తెల్లరంగు వేసిన ఇనుప కమ్మీ మీద, పడుకోబోతూ నుదుటి మీంచి తీసి అంటించిన ఎర్రటి బొట్టుబిళ్ల ఒకటి ఉంది.