రెండు చుక్కల వ్యాసం

నేను ఒక మొలకను. పెసర మొలకను కాదు లెండి, నిమ్మకాయ పిండకండి. ముఖాలు తెలియని వాళ్లంతా కలిసి రాసి, కలిసి దిద్దుకునే అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో నాలుగు వాక్యాల పసి వ్యాసాన్ని మొలక అంటారు.

నన్ను నాటింది గాయని హైమావతి. తాడేపల్లిగూడెం పెళ్లి పందిళ్లలో కీబోర్డు వాయించే తన గురువు గురించి రాసి, ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ను పిలిచే పేరే నాకూ పెట్టింది: ‘కీ శేషగిరి’.

మర్నాడు ‘అక్షరదోషహరుడు’ అనే సభ్యుడు దిగాడు. అచ్చుతప్పు కనబడితే ఆయనకు అన్నం సహించదు. కీ పక్కన శే చూసి, “అయ్యో, చుక్కలు మరిచారే, ఓ శే కూడా మింగేశారే!” అంటూ నన్ను ‘కీ.శే. శేషగిరి’ చేశాడు. పెట్టింది రెండే చుక్కలు, మనిషి చుక్కల్లో కలిసిపోయాడు! తర్వాతి వాడు ‘వాయిస్తారు’ను ‘వాయించేవారు’గా దిద్దాడు. మూడోవాడు దివంగతుల వర్గంలో చేర్చాడు. నాలుగోవాడు ఫొటోకు దండ వేశాడు. సమష్టి కృషి మరి, మోయడానికి నలుగురుండాలిగా!

పెళ్లివారు ఫోనులో నన్ను చూసి వేరే మేళం మాట్లాడుకున్నారు. ముహూర్తాలు దాటిపోతుంటే శేషగిరే నా చర్చా పేజీకి పరిగెత్తుకొచ్చాడు.

“ఆయ్, శేషగిరినండీ. బతికే ఉన్నానండీ బాబూ. ఈ సీజను పోతే నిజంగానే పోతానండి.”

“మూలం ఉందా? ఏ పత్రికలోనైనా పడిందా?” అన్నాడు అక్షరదోషహరుడు.

“ఊపిరాడుతోంది కదండీ!”

“అది సొంత పరిశోధన. ఇక్కడ చెల్లదు.”

మూలం అడిగి మనిషిని మూలన కూర్చోబెట్టాడు. అయినా ఊరుకోక ఆ చుక్కలు పదే పదే చెరుపుతున్నాడని శేషగిరి ఖాతాకు తాళం వేశారు. జన్మలో తాళం తప్పని మనిషికి ఆఖరికి పడిన తాళం అది.

హైమావతి ఓ విలేకరిని బతిమాలింది. అతగాడు ముందు నన్ను చదివి, ‘కీ.శే. శేషగిరి బతికే ఉన్నారట!’ అని వార్త కొట్టాడు. మావాళ్లు ఆ వార్తనే నాకు మూలంగా తగిలించారు, మొదటి రెండక్షరాలకు మాత్రం.

నేను ఏపుగా పెరిగాను. ఆయన కీబోర్డు అమ్ముకుని మంచం పట్టాడు. ఆయనలో శేషం లేకపోయాక నన్ను విశేష వ్యాసం చేశారు.

ఆ వారమే హైమావతి వచ్చి నా అడుగున ఒక్క వాక్యం చేర్చింది: “మాస్టారు ఇవాళ పొద్దున పోయారు.”

అక్షరదోషహరుడు వెంటనే తీసేశాడు. కారణం అన్నచోట ఒక్కటే మాట రాశాడు.

“పునరుక్తి.”